ముగ్గురు తక్కువ

బుధవారం ఉదయం పదకొండు గంటలకు, దోహాలోని అల్ ముంతజాలో ఒక కేఫెటీరియా ముందు ఆపిన కారులో, చేతిలో కరక్ చాయ్ కప్పుతోనే ఖుత్బుద్దీన్ చనిపోయాడు. తల హారన్ మీద వాలింది. తొందరపెడుతున్నాడనుకుని లోపల వెయిటర్ "దో మినిట్, సాబ్" అని కేకేశాడు. హారన్ ఆగలేదు. డాక్టరు గుండెపోటు అన్నాడు. గల్ఫ్‌లో మనవాళ్ళు ఎలా పోయినా ముందు రాసేది అదే కదా.

ఖుత్బుద్దీన్‌ది నిజామాబాద్. హాల్డెన్‌మియర్ అనే బ్రిటిష్ నిర్మాణ కంపెనీలో షిప్పింగ్ గుమాస్తా. ఆరు నెలలుగా మన దేశం కోసం రహస్యంగా పనిచేస్తున్నాడు. చనిపోయే ముందు, మదీనత్ ఖలీఫాలో ఉన్న ఒక ట్యూషన్ టీచర్ ఫోన్‌కు ఒక మెసేజ్ పెట్టాడు. "రేపు. షమాల్ సైట్. ఎంపీ."

ఆ టీచర్ పేరు భానుమతి. ఊరు కాకినాడ. తొమ్మిదేళ్ళుగా తన విల్లా హాల్లో పదో తరగతి పిల్లలకు సోషల్ చెబుతోంది. పిల్లల తల్లిదండ్రులకు ఆవిడ కఠినమైన మేడం. ఢిల్లీలో ఒకానొక ఫైల్లో మాత్రం ఆవిడ పేరు హెడ్‌మిస్ట్రెస్, దోహా స్టేషన్ చీఫ్. మెసేజ్ చదివి ఆవిడ ఇంకో నంబర్‌కు ఇలా పంపింది: "రేపు టెస్ట్ ఉంది. జామెట్రీ బాక్స్‌తో వెంటనే రా."

పావుగంటలో తిరుమల్ వచ్చాడు. తెల్ల చొక్కా, నల్ల టై, లిమోజీన్ కంపెనీ బ్యాడ్జి. జగిత్యాల పక్క పల్లెవాడు. వేషం కోసం గడ్డాలూ మీసాలూ అంటించుకునే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. గల్ఫ్‌లో డ్రైవర్ మొహం చూసేవాడెవడు? మన ఏజెన్సీ మొత్తంలో ఇంత చవకైన మారువేషం ఇంకొకటి లేదు.

హాల్లో వైట్‌బోర్డు మీద నిన్నటి పాఠం ఇంకా అలాగే ఉంది. రాజు, లార్డ్స్ సభ, కామన్స్ సభ అని మూడు డబ్బాలు, మధ్యలో బాణాలు. భానుమతి దాన్ని చెరపలేదు. బ్రీఫింగ్‌కు అదే సరిపోతుంది అంది.

హాల్డెన్‌మియర్ పైకి కట్టేది భవనాలు. లోపల చేసేది వేరు. పరంజా గొట్టాల్లో డ్రోన్ విడిభాగాలు దాచి, మన ఓడరేవుల మీద కన్నేసిన ముఠాలకు సముద్రం మీదుగా చేరవేస్తుంది. రెండేళ్ళుగా ఢిల్లీకి తెలుసు. రుజువులన్నీ లండన్ హెడ్డాఫీసులో ఉన్నాయి, వాటిని తెరిపించగలిగేది లండన్ కోర్టు ఒక్కటే. అందుకు చట్టం కావాలి. ఫ్రాన్సెస్ ఓక్లీ అనే మహిళా ఎంపీ ఆ చట్టం కోసం బిల్లు పెట్టింది. బ్రిటిష్ కంపెనీ వల్ల ఏ దేశంలో కార్మికుడు చచ్చినా, వాడి కుటుంబం లండన్‌లోనే కేసు వేయొచ్చు; కంపెనీ కాగితాలన్నీ కోర్టు ముందు పెట్టాలి. శుక్రవారం దాని మీద చర్చ. రేపు ఉదయం షమాల్‌లో ఆ కంపెనీ సైట్ చూసి, మధ్యాహ్నం విమానానికి ఓక్లీ తిరిగి వెళ్తుంది.

"గవర్నమెంటు తల్చుకుంటే ఒక్క రోజుల అయిపోతది కదా, మేడం. గీ ఆడామె ఒక్కతే ఎందుకు తిప్పలు పడుతుంది?" అన్నాడు తిరుమల్.

భానుమతి మార్కర్ తీసుకుని కామన్స్ డబ్బా మీద కొట్టింది. అక్కడ జనం ప్రధానిని ఎన్నుకోరు, తమ నియోజకవర్గం ఎంపీని ఎన్నుకుంటారు. ఎక్కువమంది ఎంపీలున్న పక్షం నాయకుడు ప్రధాని అవుతాడు. మంత్రులూ అదే సభలో కూర్చుంటారు కాబట్టి సభ సమయమంతా దాదాపు ప్రభుత్వానిదే. ప్రతి పార్టీలో విప్‌లని ఉంటారు. ఏ ఓటుకు తప్పక రావాలో కాగితం మీద గీతలు గీసి పంపుతారు. మూడు గీతలుంటే సెలైన్ సీసాతోనైనా రావాల్సిందే. మామూలు ఎంపీ సొంతంగా బిల్లు పెట్టాలంటే మాత్రం లాటరీ. సెషన్‌కు ఒకసారి ఇరవై పేర్లు తీస్తారు. వాళ్ళందరికీ కలిపి ఇచ్చేది పదమూడు శుక్రవారాలు. ఓక్లీ పేరు ఐదోది వచ్చింది. ఆ శుక్రవారం ఆవిడ సభలో లేకపోతే బిల్లును ఎత్తుకునేవాడు ఎవడూ లేడు. రేపు సైట్‌లో ఆవిడను చంపబోతున్నారన్నదే ఖుత్బుద్దీన్ మెసేజ్‌కు అర్థం.

ప్రభుత్వం ఏమంటోందని తిరుమల్ అడిగాడు. వ్యతిరేకించబోమని మాటిచ్చిందట. మంచిదే కదా అన్నాడు. మంచిదేనని ఆవిడా అంది.

తరవాత కుర్చీ దగ్గరకు లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "మీ అన్నయ్య సంగతి నాకు తెలుసు, తిరుమల్. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అవుతుందని ఢిల్లీ వద్దంది. నేనే ఒప్పించాను. ఆ సైట్ లోపలంతా తెలిసినవాడివి నువ్వొక్కడివే."

తిరుమల్ అన్న జలంధర్ ఆ సైట్‌లోనే పరంజా కూలి పోయాడు. అతనితో ఇంకో నలుగురు. బెల్టు పెట్టుకోలేదని కంపెనీ రాసింది. జలంధర్ తలకున్న హెల్మెట్ అంతకు ముందే పగిలి ఉందని తోటివాళ్ళు చెప్పారు, ఎవరూ రాసుకోలేదు. ఆ సంగతి కనుక్కోవడానికే తిరుమల్ పదకొండు నెలలు అదే కంపెనీలో కూలీ వేషంలో మట్టి మోశాడు. ఇప్పుడు వదిన గౌరవ్వ సాక్షిగా విజిట్ వీసా మీద దోహా వచ్చి ఉంది. బిల్లు గెలిస్తే లండన్ కోర్టులో పడే మొదటి కేసు ఆమెదే. ఓడిపోతే ఇంకే కోర్టూ లేదు.

"ఈ దొంగ రవాణా రింగ్ లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ గుర్తుపెట్టుకో" అని చెప్పి భానుమతి ఒక టిష్యూ డబ్బా అతని చేతికిచ్చింది. గల్ఫ్‌లో ప్రతి కారు డ్యాష్‌బోర్డు మీదా ఉండేదే. దీని అడుగున ట్రాన్స్‌మిటర్, జామర్ ఉన్నాయి. టై పిన్నులో మైక్.

గురువారం ఆరున్నరకు హోటల్ పోర్టికోలో కారు ఆగింది. ముందు సీట్లో గౌరవ్వ. మరిది డ్రైవరీ చేసుకుంటాడన్నదే ఆమెకు తెలుసు. ఫ్రాన్సెస్ ఓక్లీ మెట్లు దిగి వచ్చింది. యాభై దాటిన మనిషి, మడమల్లేని బూట్లు, భుజానికి గుడ్డ సంచి. ఆవిడ వెనకే ఇంకొకామె. ముదురాకుపచ్చ పట్టు అబాయా, ఎత్తు మడమలు, పోర్టికో మొత్తం తిరిగి చూసేంత సెంటు. యాస్మీన్. పుట్టింది మెహదీపట్నం, పాస్‌పోర్టు బ్రిటిష్, హాల్డెన్‌మియర్‌లో ప్రోటోకాల్ ఆఫీసర్. వెనక సీట్లో కూర్చుని చేతి గోళ్ళు చూసుకుంటూ అంది, "టిష్యూ అయిపోయిందా, డ్రైవర్?"

"నిన్ననే కొత్త డబ్బా పెట్టిన, మేడం."

కోడ్ కలిసింది. షమాల్ హైవే పట్టారు. గౌరవ్వ ఊళ్ళో వార్డు మెంబరు. రెండుసార్లు గెలిచింది. ఖతర్‌లో కూర్చుని కూడా ఆమె దీన్ని దుబాయ్ అనే అంటుంది, మూడో రోజుకు తిరుమల్ సరిదిద్దడం మానేశాడు. మీ దగ్గర ఓటు ఎట్లేస్తరని ఆమె ఎంపీని అడిగింది. ఆ ప్రశ్న తిరుమల్ హిందీలో, యాస్మీన్ ఇంగ్లీషులో దాటి వెనక సీటు చేరింది. లేచి రెండు వేర్వేరు గదుల్లోకి నడుస్తామనీ, ఔననేవాళ్ళు ఒక గదిలోంచి, కాదనేవాళ్ళు ఇంకో గదిలోంచి వెళ్తుంటే తలుపు దగ్గర లెక్కపెడతారనీ జవాబు తిరిగొచ్చింది. గౌరవ్వకు అది నచ్చింది. ఎవడు ఎటు పోయిండో అందరికీ కనబడుతుంది కదా అంది. రేపు ఎందరొస్తారని అడిగితే, నూట ముప్పైమంది మాటిచ్చారని ఓక్లీ చెప్పింది.

పెట్రోలు బంకులో యాస్మీన్ కారు దిగింది, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ తిరుమల్ పక్కకొచ్చింది. చంపేది డెస్మండ్ క్రేల్, సైట్ సేఫ్టీ డైరెక్టర్, రింగ్ మొత్తానికి తలకాయ వాడే. ఎలా చంపుతాడో మాత్రం వాడి నోటి నుంచి రాలేదు. అంతవరకు చెప్పి ఆగింది. ఆపైన హైదరాబాదీ తెలుగులో మెల్లగా అంది.

"ఇంకోటుంది, భాయ్. నా మీద క్రేల్‌కు డౌట్ వచ్చింది. ఎవరో ఒకరి పేరు చెప్పాలి నేను. ఖుత్బుద్దీన్ పేరు ఇచ్చింది నేనే."

పెట్రోలు పైపు తిరుమల్ చేతిలో బిగుసుకుంది. అక్కడే ఆమె గొంతు పిసకాలనిపించింది. ఖుత్బుద్దీన్ నెల కింద కూతురి పుట్టినరోజని బిర్యానీ డబ్బా తెచ్చిచ్చిన మనిషి. "హెడ్‌మిస్ట్రెస్‌కు ఎర్కేనా?" అని మాత్రం అడిగాడు. ఆమె తల ఊపింది. తాను పట్టుబడితే ఈ పొద్దు ఎంపీ పక్కన ఎవరుంటారని తిరిగి అడిగింది. ఆమె అన్నది నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

జూన్ నెల. పది దాటితే ఎండలో పని నిషేధం కాబట్టి సైట్ తెల్లవారుజాము నుంచే జోరుగా నడుస్తోంది. గేటు దగ్గర బల్ల మీద హెల్మెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. పాతవి, పసుపు రంగు వెలిసినవి, పదిమంది చెమట తాగినవి. ఎర్రటి మొహంతో, నవ్వుతూ క్రేల్ ఎదురొచ్చాడు. అతని చేతిలో ప్లాస్టిక్ కవరులో తెల్లటి హెల్మెట్ ఒకటుంది. మేడం కోసం ప్రత్యేకంగా తెప్పించామన్నాడు. ఓక్లీ థాంక్స్ చెప్పి కవరు చించింది.

గౌరవ్వ దూరంగా నిలబడి పైకి చూస్తోంది. మొగుడు పడ్డది ఏ అంతస్తు నుంచో ఆమెకు ఎవరూ చూపించలేదు. కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. హెల్మెట్ కనిపించింది.

"గీమెకు కవర్ల కొత్తదా?" అంది మరిదితో. "మీ అన్నకు పలిగింది ఇచ్చిండ్రు."

పదకొండు నెలల్లో ఈ సైట్‌లో కొత్త హెల్మెట్ తిరుమల్ కళ్ళతో చూడలేదు. కంపెనీ ఛైర్మన్ వచ్చినప్పుడు కూడా పాతదాన్నే డెటాల్‌తో తుడిచి పెట్టారు. ఎవరికీ కొత్త హెల్మెట్ కొనని కంపెనీ, తన పీక మీదికి కోర్టును తెస్తున్న మనిషికి కొన్నదా?

ఓక్లీ హెల్మెట్ తలకు పెట్టుకుంటోంది. వెనక బిగించే నాబ్ ఉంటుంది, తిప్పితే పట్టీ తలకు పట్టుకుంటుంది. నేను బిగిస్తానంటూ క్రేల్ చేయి చాచాడు. వేళ్ళు నాబ్‌ను తాకాయి.

మంచినీళ్ళ సీసాల డబ్బాతో తిరుమల్ కాలు తట్టుకుని ఇద్దరి మధ్యా పడ్డాడు. సీసాలు దొర్లాయి. హెల్మెట్ ఎగిరి దుమ్ములో పడింది. గుడ్డి గాడిదా అని క్రేల్ ఇంగ్లీషులో తిట్టాడు. తిరుమల్ దండాలు పెడుతూ లేచి, హెల్మెట్ తీసి టిష్యూతో తుడిచాడు. తుడిచి ఎంపీకి ఇవ్వలేదు. క్రేల్ ముందుకు చాపి, వచ్చీరాని ఇంగ్లీషులో, రూల్ సర్, ఇండక్షన్ సర్, ముందు సేఫ్టీ సాబ్ పెట్టుకుని చూపించాలి, తరవాతే గెస్ట్ అన్నాడు.

నిజంగానే ఆ సైట్‌లో ఆ రివాజు ఉంది. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిరోజూ చేసేదే. వరసలో నిలబడ్డ కూలీలు "హా హా, పహ్లే సాబ్" అని నవ్వారు. ఓక్లీ కూడా ఉత్సాహంగా, దయచేసి చూపించండి అంది.

తిరుమల్ హెల్మెట్‌ను క్రేల్ తల మీదికి ఎత్తి, రెండో చేతిని నాబ్ మీద పెట్టాడు. క్రేల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండడుగులు వెనక్కి వేశాడు. చేయి నడుం దగ్గరకు పోయింది. అప్పటికే యాస్మీన్ హ్యాండ్‌బ్యాగులోంచి వచ్చిన చిన్న పిస్టల్ అతని పక్కటెముకలకు ఆనుకుని ఉంది.

"నాబ్ తిప్పమంటావా, డెస్మండ్?" అని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

క్రేల్ చేతులెత్తాడు. టై పిన్నులోంచి అంతా విన్న భానుమతి అప్పటికే కబురందించింది. గేటు బయట పోలీసు సైరన్ వినిపించింది. నాబ్ వెనక వెంట్రుకంత సూది ఉందనీ, దానికి పూసింది ఖుత్బుద్దీన్ చాయ్‌లో కలిపిన మందేననీ సాయంత్రానికి తేలింది. మధ్యాహ్నం విమానంలో ఓక్లీ లండన్ బయలుదేరింది. వెళ్ళే ముందు గౌరవ్వ చేతులు రెండూ పట్టుకుంది. తన సామాను దింపుతున్న డ్రైవర్‌కు పది రియాళ్ళ టిప్ ఇచ్చింది. ప్రాణం కాపాడినందుకు కాదు, డ్రైవర్ కావాలనే పడ్డాడని ఆవిడకు తెలియదు.

శుక్రవారం సెలవు. భానుమతి ట్యూషన్లు రద్దు చేసి టీవీని లండన్ లైవ్‌కు కలిపింది. ఉప్మా చేసింది. ఆవిడంత సంబరంగా ఉండగా తిరుమల్ మునుపు ఎన్నడూ చూడలేదు. సభ ఉదయం మొదలైంది. ఓక్లీ లేచి మాట్లాడింది. జలంధర్ పేరు చెప్పింది. లండన్ పార్లమెంటులో, ఆకుపచ్చ సీట్ల మధ్య, అన్న పేరు తప్పుగానే పలికినా పలికింది. తిరుమల్ మొహం అటు తిప్పుకున్నాడు.

తరవాత ఒక ఎంపీ లేచాడు. నెరిసిన జుట్టు, చేతిలో కాగితాల కట్ట. పోయిన కార్మికుల పట్ల తనకు గాఢమైన సానుభూతి ఉందన్నాడు. పరంజాల చరిత్ర మొదలుపెట్టాడు. వెదురు పరంజా, కలప పరంజా, ఉక్కు గొట్టం. గొట్టాలను కలిపే బిగింపుల కొలతలు. ఓడలో కార్మికుడు చనిపోతే అది విదేశమవుతుందా అవదా అన్న మీమాంస. అరగంట గడిచింది. గంట గడిచింది. చుట్టూ సీట్లు చాలావరకు ఖాళీ.

"ఈన్ని ఎవరూ కూసోమనరా?" అన్నాడు తిరుమల్.

శుక్రవారం ప్రసంగానికి హద్దు లేదని భానుమతి ఫోన్లో వెతికి చెప్పింది. లండన్ టైం రెండున్నరకు గడియారం కొడితే చర్చ ఆగిపోతుంది. అప్పటికి ఓటింగ్ జరగకపోతే బిల్లు వరస అడుగుకు పోతుంది, అక్కడి నుంచి పైకొచ్చినవి బహు తక్కువ. కానీ రెండు దాటాక ఓక్లీ లేచింది. ఇక చర్చ ఆపి ఓటింగ్ పెట్టమంది. స్పీకర్ స్థానంలో ఉన్నావిడ సరేనంది. గంటలు మోగాయి. ఎంపీలు లేచి రెండు గదుల వైపు నడిచారు. అయిపోయింది, గెలిచినట్టేనని భానుమతి ప్లేటు పక్కన పెట్టింది.

లెక్క చదివారు. ఔనన్నవారు తొంభై ఏడు. కాదన్నవారు ఇద్దరు.

భానుమతి చప్పట్లు కొట్టింది. తిరుమల్ లేచి నిలబడ్డాడు. కుర్చీలో ఉన్నావిడ ఇంకేదో అంది. చర్చ ఆపాలంటే ఔననేవారే కనీసం నూరుమంది ఉండాలట. లేరు కాబట్టి తీర్మానం నెగ్గలేదట. నెరిసిన జుట్టాయన మళ్ళీ లేచి, వినయంగా తల వంచి, గొట్టాల బిగింపుల దగ్గర ఆపిన వాక్యాన్ని అందుకున్నాడు. రెండున్నరకు అతని మాట మధ్యలోనే గడియారం కొట్టింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, గుళ్ళో జనం చాలలేదు. మాటిచ్చిన నూట ముప్పైమందిలో తక్కినవాళ్ళు మోసగాళ్ళేం కారు. శుక్రవారం కదా, నియోజకవర్గాల్లో పనులున్నాయి. ఒకాయన బడి వార్షికోత్సవానికి వెళ్ళాడు. ఒకామె రైలు ఆలస్యమైంది. ప్రభుత్వం వ్యతిరేకించనని ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. రమ్మని ఒక్క గీత గీయలేదు, అంతే.

"తొమ్మిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను" అంది భానుమతి. "ఎక్కువమంది ఏమంటే అదే అని." ఆవిడ లేచి వైట్‌బోర్డు తుడవడం మొదలుపెట్టింది. తిరుమల్ చేయి అడ్డం పెట్టలేదు, ఓదార్చలేదు. అతనికి ఆవిడ మీదా కోపంగానే ఉంది. ఖుత్బుద్దీన్‌ను ఇచ్చి కొన్నది ఇదా అని అడగాలనుంది. అడగలేదు.

ఐదింటికి యాస్మీన్ ఫోన్ చేసింది. విచారణ గదిలో క్రేల్‌కు ఫలితం చెప్పారట. ముందు నమ్మలేదట. ఆ ప్రసంగం చేసిన పెద్దమనిషి మీవాడేనా అని అడిగితే, పేరైనా వినలేదన్నాడట. ఎవరి బిల్లయినా సరే, తొందరపాటు చట్టాలు దేశానికి మంచివి కావని ఆయన ఏళ్ళ తరబడి శుక్రవారాలు ఇలాగే మాట్లాడతాడట. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడట. అది విని క్రేల్ కడుపు పట్టుకుని నవ్వాడనీ, ఈ సంగతి ముందే తెలిస్తే సూదీ వద్దు, చాయ్ వద్దు, ఇంట్లో కూర్చునేవాణ్ణి కదా అన్నాడనీ యాస్మీన్ చెప్పింది. ఆమె ఏడుస్తోందని తిరుమల్‌కు అర్థమైంది. తిట్టకుండా ఫోన్ పెట్టేశాడు.

ఆరు గంటలకు గౌరవ్వను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాడు. ఎండ ఇంకా కళ్ళల్లో కొడుతోంది. ఏమైందో దారిలో చెప్పాడు. ఓడిపోయామని ఒక్క మాటలో తేల్చేద్దామనుకున్నాడు. ఆమె వదిలితే కదా. ఎందరు అవునన్నరు, ఎందరు కాదన్నరు అని వార్డు మెంబరు అడిగినట్టే అడిగింది. తొంభై ఏడు, ఇద్దరు అని చెబితే, అయితే గెలిచినం కదా అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఇంకో ముగ్గురు ఉంటే సరిపోయేదన్నాడు.

"మా దగ్గర కోరం లేకుంటే మల్ల మీటింగ్ పెడ్తరు. ఈళ్ళు మల్లెప్పుడు పెడ్తరు?"

"పేరుకు ఒక తారీఖు ఇస్తరు, వదినె. మన వంతు రాదు."

గౌరవ్వ చాలా దూరం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. డిపార్చర్స్ ముందు కారు ఆగాక, పెట్టె దించుతున్న మరిది భుజం పట్టుకుని ఆపింది.

"వద్దన్న ఇద్దరే నయం, తిరుమల్" అంది. "వాళ్ళన్న వచ్చిండ్రు."